తలనొప్పి నుంచి ‘నరాల జబ్బు’ దాకా: కృష్ణా డెల్టాలో వ్యాధినామాల చరిత్ర – మల్టిపుల్ స్క్లెరోసిస్

వ్యాససంగ్రహం

తలనొప్పి అందరూ ఎరిగిన బాధ. మల్టిపుల్ స్క్లెరోసిస్ కొద్దిమందికి మాత్రమే వచ్చే నాడీవ్యాధి. వైద్యశాస్త్రం ఈ రెండింటి మధ్య కొంత సంబంధాన్ని గుర్తించింది. ఒకదానిని మరొకటిగా పొరబడే ప్రమాదాన్నీ గుర్తించింది. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతాలను ఆధారంగా చేసుకుని తలనొప్పికి తెలుగులో ఏర్పడిన పేర్లు, ఆ బాధ చుట్టూ పెరిగిన వాణిజ్యం, ఆధునిక నాడీవైద్యం రాక అనే మూడు దశలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోగి తన బాధను చెప్పుకునే తెలుగు మాటలు రోగనిర్ణయాన్ని ఏ మేరకు ప్రభావితం చేస్తాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: తలనొప్పి, అర్ధావభేదకం, పార్శ్వపు నొప్పి, అమృతాంజనం, మల్టిపుల్ స్క్లెరోసిస్, రోగభాష, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

ఒక వ్యాధి చరిత్ర అంటే ఆ వ్యాధిని కనుగొన్న వైద్యుల చరిత్ర, మందుల చరిత్ర అనే అభిప్రాయం సాధారణంగా ఉంది. అయితే వైద్యుడి దగ్గరకు వెళ్ళకముందే రోగి తన బాధకు ఒక పేరు పెట్టుకుంటాడు. ఆ పేరును బట్టి ఇంట్లో ఒక చికిత్స మొదలవుతుంది. ఆసుపత్రికి వెళ్ళాలా, వద్దా అనే నిర్ణయం కూడా చాలావరకు ఆ పేరు మీదనే ఆధారపడుతుంది. అందువల్ల వ్యాధి చరిత్రలో భాషాచరిత్ర కూడా ఒక భాగం.

తలనొప్పికి, మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఈ దృష్టితో చూసినప్పుడు ఒక ఆసక్తికరమైన వ్యత్యాసం కనిపిస్తుంది. మొదటిదానికి తెలుగులోనూ, తెలుగువారు చదువుకున్న సంస్కృత వైద్యగ్రంథాలలోనూ లెక్కకు మించిన పేర్లున్నాయి. రెండోదానికి తెలుగువారి నిత్యవ్యవహారంలో సొంత పేరు లేదు. పేరున్న బాధ చాటున పేరులేని జబ్బు ఎలా మరుగుపడుతుంది, పేరులేని జబ్బు భయం పేరున్న బాధను ఎలా కమ్ముకుంటుంది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

2. శాస్త్రనామాలు: పదకొండు శిరోరోగాలు

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం శిరోరోగాలను పదకొండుగా విభజించింది. వాత, పిత్త, కఫ, సన్నిపాత, రక్త, క్షయ, క్రిమి కారణాల వల్ల కలిగేవి ఏడు. సూర్యావర్తం, అనంతవాతం, అర్ధావభేదకం, శంఖకం అనేవి మిగిలిన నాలుగు. మొదటి ఏడింటికి కారణాన్ని బట్టి పేరు పెట్టగా, సూర్యావర్తానికి నొప్పి వచ్చే వేళను బట్టి, అర్ధావభేదకానికీ శంఖకానికీ నొప్పి ఉండే చోటును బట్టి పేర్లు వచ్చాయి. పొద్దుతో పాటు పెరిగి, పొద్దు వాలేకొద్దీ తగ్గేది సూర్యావర్తం. సగం తలను చీల్చినట్లు బాధిస్తూ పదిరోజులకో పక్షానికో తిరిగి వచ్చేది అర్ధావభేదకం. కణతలను పట్టేది శంఖకం.

అర్ధావభేదకం ముదిరితే కంటినో చెవినో చెరుస్తుందని చరకసంహిత హెచ్చరించింది. ఇలాంటి వాక్యాలను ఆధారం చేసుకుని నేటి నాడీవ్యాధులన్నీ ప్రాచీనులకు తెలుసని నిరూపించే ప్రయత్నం సరికాదు. ఆ గ్రంథాల కాలంలో మెదడులోని మచ్చలను చూసే సాధనం లేదు. ఈ వాక్యం చెప్పేది మరొకటి: తలనొప్పిని చూసే వైద్యుడు కంటిని కూడా గమనించాలనే జాగ్రత్త అప్పటికే ఉంది.

గ్రీకు వైద్యంలోని ‘హెమిక్రేనియా’ అనే మాటకు కూడా ‘సగం తల’ అనే అర్థం. నేటి ‘మైగ్రేన్’ అనే మాట దాని నుంచే పుట్టింది. తెలుగులో ‘పార్శ్వపు నొప్పి’, ‘ఒంటికణత నొప్పి’ అనే పేర్లు ఇదే లక్షణాన్ని పట్టుకున్నాయి. అయితే పార్శ్వపు నొప్పి ఉన్నవారందరికీ ఒక పక్కనే నొప్పి రాదు. చాలామందికి రెండు వైపులా వస్తుంది. ‘నాది రెండు పక్కలా ఉంది కాబట్టి పార్శ్వపు నొప్పి కాదు’ అని రోగి భావించడానికి ఆ పేరే కారణమవుతుంది.

శాస్త్రనామాలకు తోడు తెలుగు ఇళ్ళలో మరొక పదసంపద ఉంది. తలలో నొప్పి ఉన్న చోటుకు నుదురు, కణత, మాడు, నడినెత్తి, ముచ్చిలిగుంట అనే పేర్లు. నొప్పి తీరుకు పోటు, సలుపు, దిమ్ము, గుంజుడు, బరువు, పట్టేయడం అనే పేర్లు ఉన్నాయి. ఈ మాటలు ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. సలుపులో నాడి కొట్టుకున్నట్లు ఆగి ఆగి వచ్చే నొప్పి ఉంది. పట్టేయడంలో గుడ్డ బిగించి కట్టినట్లు నిలకడగా ఉండే నొప్పి ఉంది. ఆధునిక వైద్యుడు పార్శ్వపు నొప్పిని, ఒత్తిడి తలనొప్పిని వేరు చేయడానికి అడిగే ప్రశ్నలలో ఈ తేడా ఒకటి.

3. అమృతాంజనం: ఒకే తలనొప్పి

1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణానది ఆనకట్ట పూర్తయింది. ఆ తరువాతి దశాబ్దాలలో డెల్టాలో సాగు పెరిగింది, చదువులు పెరిగాయి. చదువుకున్న యువకులు మద్రాసు, కలకత్తా, బొంబాయి నగరాలకు వెళ్ళసాగారు. వారిలో కాశీనాథుని నాగేశ్వరరావు ఒకరు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారాన్ని స్థాపించారు. ఫ్రాన్సులో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించిన జాఁ మార్టిన్ షార్కో మరణించిన సంవత్సరం కూడా అదే. ఈ రెండు సంఘటనలకు కార్యకారణ సంబంధం లేదు. కానీ తలనొప్పి మందు ఇంటింటికీ చేరిన కాలానికీ, ఆ వ్యాధి పేరు మనవారి చెవిన పడిన కాలానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి ఈ తేదీ పనికివస్తుంది.

అమృతాంజనం లాభాల మీద తెలుగు పత్రికారంగం నిలబడిన చరిత్ర సాహిత్య విద్యార్థులకు సుపరిచితం. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. 1924లో భారతి వెలువడింది. 1926లో ఆంధ్ర గ్రంథమాల ఏర్పడింది. తెలుగు సాహిత్య పరిశోధనకు తొలి వేదికలలో ఒకటైన భారతి వెనుక తలనొప్పి మందు అమ్మకాలు ఉన్నాయనడం అతిశయోక్తి కాదు. నాగేశ్వరరావు 1938లో మరణించారు.

ఈ చరిత్రలో ఇంతవరకు తగినంత చర్చ జరగని పార్శ్వం ఒకటుంది. అమృతాంజనానికి ముందు తలనొప్పికి ఇంటి వైద్యం నొప్పి రకాన్ని బట్టి మారేది. శొంఠి గంధం పట్టు వేయడం, నుదుటికి గుడ్డ బిగించి కట్టడం, పసుపుకొమ్ము పొగ పీల్చడం వంటివి వేర్వేరు సందర్భాలలో చేసేవారు. జలుబు వల్ల వచ్చిందా, ఎండ వల్ల వచ్చిందా, అజీర్తి వల్ల వచ్చిందా అని అడిగి గాని పెద్దలు మందు చెప్పేవారు కారు. సీసాలో దొరికే లేపనం ఈ ప్రశ్నలను అనవసరం చేసింది. నొప్పి ఎక్కడిదైనా, ఏ వేళదైనా రాయవలసిన మందు ఒకటే. పదకొండు శిరోరోగాలు, ఇంటిమాటల్లోని పోటు, సలుపు, దిమ్ము అన్నీ ‘తలనొప్పి’ అనే ఒక్క మాటలో కలిసిపోవడానికి వాణిజ్య లేపనాలు దోహదం చేశాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇది ఆ మందును తప్పుపట్టడం కాదు. లేపనాలలోని మెంథాల్ చర్మంలో చల్లదనాన్ని గ్రహించే నాడీగ్రాహకాలను ప్రేరేపిస్తుంది. దానివల్ల కలిగే ఉపశమనం భ్రమ కాదు. అయితే ఉపశమనం దొరికిన తరువాత నొప్పిని వర్ణించవలసిన అవసరం తగ్గిపోతుంది. తలనొప్పి ఇంట్లోనే ముగిసిపోయే బాధగా, వైద్యుడికి చెప్పుకోదగని బాధగా స్థిరపడింది. తరువాతి కాలంలో మందుల షాపులో అడగగానే ఇచ్చే మాత్రలు ఈ అలవాటును మరింత బలపరిచాయి. నెలలో పదిహేను రోజులకు పైగా మామూలు నొప్పి మాత్రలు మూడు నెలలకు మించి వాడితే, ఆ మాత్రలే తలనొప్పికి కారణమవుతాయని నేటి వైద్యం చెబుతోంది.

4. నాడీవైద్యం రాక: పేరులేని జబ్బు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శరీర రక్షణవ్యవస్థ తన సొంత నాడీతంతువుల పైపొర మీద దాడి చేస్తుంది. మెదడు, వెన్నుపాము, కంటినాడులలో పలుచోట్ల మచ్చలు ఏర్పడి గట్టిపడతాయి. షార్కో 1868లో ఈ మచ్చలను రోగి జీవితకాల లక్షణాలతో జతచేసి వర్ణించాడు. చూపు మసకబారడం, కాళ్ళలో తిమ్మిరి, నడకలో పట్టుతప్పడం, మెడ వంచితే వెన్ను వెంబడి కరెంటు పాకినట్లుండడం, మూత్రం మీద అదుపు తప్పడం వంటివి దీని ముఖ్య లక్షణాలు. చాలామందిలో ఇవి కొన్ని రోజులో వారాలో ఉండి తగ్గుతాయి, కొంతకాలానికి మళ్ళీ వస్తాయి.

భారతదేశంలో ఇది చాలా అరుదైన వ్యాధి అనే భావన చాలాకాలం ఉండేది. బొంబాయి ప్రాంత రోగుల గురించి సింఘాల్, వాడియాలు 1975లో ప్రకటించిన పరిశీలన ఈ విషయంలో ప్రసిద్ధం. 1985లో బొంబాయిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఎం.ఆర్.ఐ. పరీక్ష విస్తరించిన తరువాత గుర్తింపు పెరిగింది. మంగుళూరులో జరిగి 2014లో వెలువడిన అధ్యయనం లక్షమందిలో సుమారు 8 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు అంచనా వేసింది.

డెల్టా ప్రాంతంలో ఆధునిక వైద్యవిద్య క్రమంగా స్థిరపడింది. గుంటూరు వైద్యకళాశాల 1946లోను, విజయవాడ సిద్ధార్థ వైద్యకళాశాల 1980లోను ప్రారంభమయ్యాయి. ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో విజయవాడలో ఏర్పడింది. గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ వంటి చోట్ల నుంచి రోగులు విజయవాడ సూర్యారావుపేట, గవర్నరుపేటల ఆసుపత్రులకు రావడం పరిపాటి అయింది. ‘నరాల డాక్టరు’ అనే మాట వాడుకలోకి వచ్చింది. కానీ ఆ డాక్టరు గదికి చేరేలోగా రోగి ఇంటి వైద్యం, ఊరి ఆర్ఎంపీ, మందుల షాపు అనే మూడు మజిలీలు దాటుతాడు. ప్రతి మజిలీలోనూ అతని బాధకు ఒక పేరు పడుతుంది.

5. రెండు వ్యాధుల సంబంధం: ఏది ఎంతవరకు

తలనొప్పికీ మల్టిపుల్ స్క్లెరోసిస్‌కూ ఉన్న సంబంధాన్ని మూడు భాగాలుగా చూడవచ్చు.

మొదటిది సహవాసం. ఈ వ్యాధి ఉన్నవారిలో తలనొప్పి తరచుగా కనిపిస్తుంది. వేర్వేరు అధ్యయనాల సంఖ్యలలో తేడాలున్నా, చాలావాటిలో అది సగానికి అటూఇటూ ఉంది. రెండు వ్యాధులూ యౌవనంలో మొదలవుతాయి. రెండూ పురుషులలో కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. కాబట్టి ఈ సహవాసంలో కొంత కాకతాళీయం కూడా ఉండవచ్చు. అమెరికాలో 1,16,678 మంది నర్సుల ఆరోగ్యాన్ని పరిశీలించి 2012లో ప్రకటించిన అధ్యయనం, పార్శ్వపు నొప్పి ఉన్నవారిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అవకాశం 1.39 రెట్లు ఉన్నట్లు తేల్చింది. మూలసంఖ్యే చాలా చిన్నది కనుక ఈ తేడా వాస్తవంలో స్వల్పమైనదే.

రెండవది కారణత్వం. ఈ వ్యాధి మచ్చ నేరుగా నొప్పిని కలిగించే సందర్భాలున్నాయి. మధ్యమెదడులో మచ్చ ఉన్న రోగులలో పార్శ్వపు నొప్పి వంటి తలనొప్పి ఎక్కువని 2005లో ఒక అధ్యయనం చూపింది. ముఖనాడి మూలంలో మచ్చ ఏర్పడితే చెంపలో, దవడలో క్షణకాలం కరెంటు కొట్టినట్లు తీవ్రమైన నొప్పి వస్తుంది. అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. కంటినాడి వాచినప్పుడు కనుగుడ్డు తిప్పితే నొప్పి వస్తుంది, చూపు మసకబారుతుంది. వ్యాధికి వాడే ఇంటర్‌ఫెరాన్ మందు కూడా తలనొప్పి తెప్పించవచ్చు.

మూడవది పొరపాటు. పార్శ్వపు నొప్పి ఉన్నవారి ఎం.ఆర్.ఐ.లో మెదడు తెల్లపదార్థంలో చిన్న చిన్న తెల్లని చుక్కలు కనిపించవచ్చు. వాటిని మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలుగా పొరబడే అవకాశం ఉంది. అమెరికాలో మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తప్పుగా నిర్ధారణ అయిన 110 మందిని పరిశీలించి 2016లో ప్రకటించిన నివేదిక ప్రకారం, వారిలో 22 శాతం మందికి అసలు ఉన్నది పార్శ్వపు నొప్పి, లేదా దానితో కలిసిన మరొక సమస్య. ఆ 110 మందిలో 70 శాతం మంది అవసరం లేని మందులు వాడారు.

సంఖ్యల నిష్పత్తిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. పొరుగున కర్ణాటకలో 2015లో ప్రకటించిన అధ్యయనం పెద్దలలో ఏడాదికి 25.2 శాతం మందికి పార్శ్వపు నొప్పి వస్తున్నట్లు తెలిపింది. అంటే లక్షకు సుమారు పాతికవేలమంది. మంగుళూరు అంచనాతో పోల్చితే మూడు వేలమంది పార్శ్వపు నొప్పి రోగులకు ఒక మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగి. కాబట్టి మరే లక్షణమూ లేని తలనొప్పిని చూసి ఈ వ్యాధిని శంకించడం అనవసర భయం. తలనొప్పి ఉన్నదని చెప్పి చూపు మసకను, కాళ్ళ తిమ్మిరిని దానికే ముడిపెట్టడం ప్రమాదకరమైన నిర్లక్ష్యం. ఈ రెండింటి మధ్య సరిహద్దును నిర్ణయించేది రోగి చెప్పే కథనం.

6. రోగభాష: నాలుగు మాటలు

2001 నాటి మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు, వాటికి 2017 వరకు జరిగిన సవరణలు మల్టిపుల్ స్క్లెరోసిస్ నిర్ధారణకు దేశకాలాలు రెండింటినీ కోరాయి. నాడీవ్యవస్థలో ఒకటికి మించిన చోట్ల, ఒకటికి మించిన సార్లు దెబ్బతిన్న ఆధారం ఉండాలని అవి చెప్పాయి. పరీక్షలు ఈ ఆధారంలో కొంత ఇస్తాయి. మిగిలినది రోగి జ్ఞాపకం నుంచి, మాట నుంచి రావాలి. అక్కడ నాలుగు తెలుగు మాటలు చిక్కు తెస్తాయి.

మొదటిది ‘వేడి చేసింది’. విజయవాడ వేసవిలో తలనొప్పికి, నీరసానికి, కళ్ళమంటకు అందరూ చెప్పే కారణం ఇదే. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శరీరం వేడెక్కినప్పుడు పాత లక్షణాలు తాత్కాలికంగా తిరగబెడతాయని విల్హెల్మ్ ఉట్‌హాఫ్ 1890లో గమనించాడు. ఎండలో నడిచి వచ్చాక చూపు మసకబారి, నీడలో కూర్చున్నాక తేరుకుంటే డెల్టాలో అది వేడి ఖాతాలోనే పడుతుంది. వైద్యుడికి విలువైన ఆనవాలు మజ్జిగ గ్లాసుతో ముగిసిపోతుంది.

రెండవది ‘నరం’. తెలుగులో ఈ మాటకు నాడి, రక్తనాళం, కండరపు తాడు అనే మూడర్థాలూ ఉన్నాయి. ‘నరానికి సూది వేశారు’ అన్నప్పుడు అది రక్తనాళం. ‘మెడనరం పట్టేసింది’ అన్నప్పుడు కండరం. ‘నరాల డాక్టరు’ అన్నప్పుడు నాడి. ‘నరాల బలహీనత’ అనే మాట ఈ మూడింటినీ కలిపేసి, నీరసం నుంచి నిజమైన నాడీవ్యాధి దాకా అన్నిటికీ సరిపోతుంది. ఆ పేరు పడిన రోగి బలం మాత్రలు వాడుతూ ఏళ్ళు గడిపే అవకాశం ఉంది.

మూడవది ‘కళ్ళు తిరగడం’. మాటలో కళ్ళున్నా బాధ కళ్ళది కాదు. లోకం గిర్రున తిరిగినట్లుండడం, తూలడం, స్పృహ తప్పబోవడం అన్నిటికీ ఇదే మాట. ‘కళ్ళు బైర్లు కమ్మాయి’ అనే మాట కూడా అంతే. పార్శ్వపు నొప్పికి ముందు కనిపించే మెరుపులు, కంటినాడి వాపు వల్ల వచ్చే మసక, రక్తపోటు పడిపోతే వచ్చే చీకటి మూడూ ఇందులో ఇమిడిపోతాయి. వీటిని విడదీసే ప్రధాన సూత్రం కాలం. పార్శ్వపు నొప్పి ముందు సూచనలు మెల్లగా వ్యాపించి, సాధారణంగా ఐదు నిమిషాల నుంచి గంటలోపు ముగుస్తాయి. పాత లెక్కలో అది రెండున్నర గడియలు. మల్టిపుల్ స్క్లెరోసిస్ దాడి కనీసం ఒక రోజు, సాధారణంగా రోజులు, వారాలు ఉంటుంది. ‘ఎంతసేపు?’ అనే ఒక్క ప్రశ్న ఈ రెండింటినీ చాలావరకు వేరు చేస్తుంది.

నాలుగవది ‘తగ్గింది’. ధర తగ్గిందంటే ఇంకా కొంత ఉన్నట్లే. జ్వరం తగ్గిందంటే పూర్తిగా పోయినట్లు. రోగం విషయంలో తెలుగువారు ఈ మాటను రెండో అర్థంలోనే ఎక్కువగా వాడతారు. విడతలు విడతలుగా వచ్చే ఈ వ్యాధిలో మొదటి దాడి తనంత తానే తగ్గవచ్చు. అప్పుడు వాడుతున్నది లేపనమైనా, పసరైనా, మొక్కైనా ఆ ఘనత దానికే దక్కుతుంది. రెండేళ్ళ తరువాత మరో దాడి వస్తే దానిని కొత్త జబ్బుగా చెబుతారు. పాతది ‘తగ్గిపోయింది’ కనుక వైద్యుడికి చెప్పరు. ఆ ప్రమాణాలు కోరిన ‘కాలం’ అనే ఆధారం ఈ మాటలో మాయమవుతుంది.

7. ముగింపు

తెలుగులో తలనొప్పిని వర్ణించే భాష పేదది కాదు. శాస్త్రనామాలు, ఇంటిమాటలు కలిసి చోటును, వేళను, తీరును విడమరచి చెప్పగలవు. వాణిజ్యలేపనాల యుగంలో ఆ భాష ఉపయోగం కోల్పోయింది. నాడీవైద్యం వచ్చి మళ్ళీ అవే ప్రశ్నలు అడుగుతున్న సమయానికి రోగి దగ్గర ‘తలనొప్పి’, ‘నరాల బలహీనత’ అనే రెండు మూడు మాటలే మిగిలాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను గుర్తించిన 21 వైకల్యాలలో చేర్చింది. అంటే ఇప్పుడు ఈ జబ్బు పేరుకు చట్టపరమైన ఫలితం కూడా ఉంది. ‘నరాల బలహీనత’ అనే పేరుతో ఉన్న రోగికి ఆ హక్కు దక్కదు. మరోవైపు, పార్శ్వపు నొప్పి చుక్కలను చూసి ఈ పేరు తగిలించుకున్న వ్యక్తి అవసరం లేని మందులను, భయాన్ని మోయవలసి వస్తుంది.

తెలుగు శాఖలు, వైద్యకళాశాలలు కలిసి చేయదగిన పని ఇక్కడ ఉంది. డెల్టా గ్రామాలలో తలనొప్పికి, తిమ్మిరికి, చూపు మసకకు, తూలడానికి వాడే మాటలను వయసు, వృత్తి, ప్రాంతాల వారీగా సేకరించాలి. ఒక్కొక్క మాటకు ఎన్ని అర్థాలున్నాయో గుర్తించి, వైద్య విద్యార్థులకు ఉపయోగపడే పదకోశంగా కూర్చాలి. మాండలిక పదకోశాలలో వ్యవసాయం, చేనేత వంటి వృత్తుల పదాలకు దక్కిన శ్రద్ధ నొప్పి పదాలకు కూడా దక్కాలి. ‘ఎక్కడ? ఏ తీరున? ఎంతసేపు? ఇంతకుముందు ఎప్పుడైనా?’ అనే నాలుగు ప్రశ్నలకు రోగి తన తెలుగులో స్పష్టంగా జవాబు చెప్పగలిగి, వైద్యుడు ఆ తెలుగును అర్థం చేసుకోగలిగితే అనేక పొరపాట్లు పరీక్షల దాకా పోకముందే ఆగుతాయి.